దేనికి ఫిట్?

కొత్తగూడెంలోని సింగరేణి ప్రధాన ఆస్పత్రిలో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే కార్మికుడికి ఎదురయ్యేది ఒకే ప్రశ్న. బొగ్గుబాయి పనికి ఇతను ఫిట్టా, అన్‌ఫిట్టా? ఆ జవాబు మీద ఇంటిల్లిపాది బతుకు ఆధారపడి ఉంటుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక మిగిలింది కారుణ్య నియామకాల దారి. కార్మికుడు చనిపోతేనో, అన్‌ఫిట్ అయితేనో ఇంట్లో ఒకరికి నౌకరీ. అందుకే మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి క్వార్టర్లలో మెడికల్ బోర్డు గురించి బడికి పోయే పిల్లలు కూడా మాట్లాడతారు.

చూపు ఎంత తగ్గిందో కొలవవచ్చు. ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుందో కొలవవచ్చు. తెగిన వేలు అందరికీ కనిపిస్తుంది. తలకు దెబ్బ తగిలిన మనిషి విషయంలో మాత్రం ఫిట్టా, అన్‌ఫిట్టా అని అడిగితే సరైన జవాబు దొరకదు. దేనికి ఫిట్, రోజుకు ఎన్ని గంటలు, పక్కన ఎవరుంటే, ఏ షిఫ్టులో అని అడగాలి. ఈ అధ్యాయం ఆ ప్రశ్నల గురించే.

మన దేశంలో తలగాయాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో డాక్టర్ గురురాజ్ చేసిన అధ్యయనాల ప్రకారం వీటి వాటా దాదాపు 60 శాతం, పైనుంచి పడిపోవడాలది 20 నుంచి 25 శాతం. కాబట్టి బొగ్గుబాయిల ఊళ్లలోనూ తలకు దెబ్బ తగిలేది బాయి లోపల కప్పు కూలినప్పుడే అనుకోకూడదు. మూడో షిఫ్టు దిగి, నిద్రకళ్లతో, హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించుకుని బైక్ మీద ఇంటికి పోయే దారి కూడా అంతే ప్రమాదకరం.

ఒక మనిషిని ఊహించుకుందాం. నలభై ఏళ్లు, భూగర్భ గనిలో సర్దార్. బైక్ మీది నుంచి పడ్డాడు, సోయి తప్పింది. కరీంనగర్ ఆస్పత్రికి చేరేసరికి గ్లాస్గో కోమా స్కేలు మీద 12 వచ్చింది. గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే వైద్యులు 1974లో స్కాట్లాండులోని గ్లాస్గోలో తయారుచేసిన కొలత ఇది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూచేతుల కదలికకు 6, మొత్తం 15 మార్కులు. 13 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే తేలికపాటి గాయం, 9 నుంచి 12 వరకు మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. మన సర్దార్ మధ్యస్థంలో ఉన్నాడు. ఆపరేషన్ అవసరం పడలేదు. మూడు నెలలకు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, చూడవచ్చిన చుట్టాలతో నవ్వుతున్నాడు. స్కానింగ్ కూడా బాగానే ఉందన్నారు. భార్య ఒక్కతే అంటుంది: "మంచిగనే ఉన్నడు గని, మునుపటి లెక్క లేడు."

ఆమె చూస్తున్నది నిజం. స్కానింగ్‌కు అది ఎందుకు కనపడలేదో తెలియాలంటే దెబ్బ తగిలిన క్షణం దగ్గరికి పోవాలి. నెత్తిన నీళ్ల బిందెతో నడిచే మనిషి ఠక్కున ఆగితే బిందె ఆగుతుంది గాని లోపలి నీళ్లు ఆగవు. సుమారు 1,400 గ్రాముల మెత్తటి మెదడు కూడా కపాలం ఆగిన తరవాత కదులుతూనే ఉంటుంది, మెలి తిరుగుతుంది. ఆ మెలికలో మెదడులోని దూరదూరపు భాగాలను కలిపే సన్నని నరాల పోగులు సాగి దెబ్బతింటాయి, కొన్ని తెగుతాయి. సబీనా స్ట్రిచ్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు 1956లో ఈ విస్తృత నష్టాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి వివరించింది. రక్తం గడ్డకట్టి ఉంటే సీటీ స్కాన్ పట్టుకుంటుంది. పోగులు తెగిన సంగతి చాలాసార్లు దానికి అందదు. పైగా మెదడు ముందుభాగం, కణతల వైపు భాగాలు కపాలం లోపలి గరుకు ఎముకకు రాసుకుంటాయి. ప్రణాళిక, నిగ్రహం, కొత్త జ్ఞాపకం అన్నీ ఆ చోట్లతో ముడిపడినవే.

అలా మాట, నడక మిగిలి, ఇంకేవో పోతాయి. ముందు పోయేది వేగం. ఎదుటివాడు చెప్పింది అర్థమవుతుంది, కాస్త ఆలస్యంగా. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరిదీ అర్థం కాదు. పాత విషయాలు యాదికుంటాయి, పొద్దున చెప్పింది ఉండదు. ఇంకో రకం జ్ఞాపకం గురించి జనం తక్కువగా మాట్లాడతారు: చేయాల్సిన పనిని, చేయాల్సిన వేళకు తలుచుకోవడం. మధ్యాహ్నం మూడింటికి మాత్ర వేసుకోవాలని తెలుసు, అడిగితే చెబుతాడు కూడా, మూడింటికి మాత్రం తట్టదు. వీటన్నిటికీ తోడు అలసట. గంటసేపు శ్రద్ధగా కాగితాలు చూస్తే రెండు షిఫ్టులు చేసినంత నీరసం. ఇంట్లోవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. చికాకు కోపంగా మారుతుంది, కోపం తాగుడుకు దారి తీస్తుంది. దెబ్బ తిన్న మెదడుకు మద్యం మామూలు మెదడుకన్నా ఎక్కువ హాని చేస్తుంది, ఫిట్స్ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది, తనలో లోటు ఉందని తనకే తెలియకపోవడం. ఇది మొండితనం కాదు, అబద్ధమూ కాదు. తనను తాను గమనించుకునే పనీ మెదడుదే, దెబ్బ దానికే తగిలింది. "నాకేమైంది, రేపే డ్యూటీకి పోతా" అని మన సర్దార్ అంటే నమ్మి అంటున్నాడు. అందుకే ఇలాంటి రోగి దగ్గర మంచి వైద్యుడు మొదట రోగిని, తరవాత విడిగా భార్యను అడుగుతాడు. ఆ రెండు జవాబులకీ మధ్య ఉన్న దూరమే ఒక పరీక్షాఫలితం.

ఇప్పుడు ఆయన పని చూద్దాం. సర్దార్ తన జిల్లాలో, అంటే గనిలో తనకు అప్పగించిన భాగంలో, కార్మికుల కంటే ముందు తిరగాలి. కప్పు చప్పుడును బట్టి గట్టిగా ఉందో వదులైందో పసిగట్టాలి. గ్యాస్ చూడాలి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. గనుల నిబంధనలు అంతవరకు ఆగనివ్వవు, 1.25 శాతానికే మనుషుల్ని బయటికి పంపాలి. ఎవరిని ఎక్కడ పనికి పెట్టాడో గుర్తుండాలి. ఒక చోట కప్పుకు ఆసరాగా దిమ్మె పెట్టించమని చెప్పి, ఇంకో చోటికి పోయి, అక్కడ ఎవరో పిలిస్తే ఆగి, మళ్లీ మొదటి చోటికి వచ్చి దిమ్మె పడిందో లేదో చూసుకోవాలి. మోటు చాకిరీ కాదిది. పోయాయని పైన చెప్పినవన్నీ కావాల్సిన పని. బలం చూసి, బీపీ చూసి, కళ్లు చూసి ఈ మనిషిని ఫిట్ అంటే ఆయనకే కాదు, ఆయన కింద పనిచేసే వాళ్లందరికీ ముప్పే.

అలాగని గదిలో కూర్చోబెట్టి పెట్టే తెలివి పరీక్షలు ఈ సంగతి తేల్చేస్తాయనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. అమెరికాలో ఒక అకౌంటెంటుకు 1975లో మెదడు ముందుభాగం కింద పెరిగిన కణితిని తీసేశారు. ఎస్లింగర్, డమాసియో అనే పరిశోధకులు 1985లో ఆయన కథను ప్రచురించారు. తెలివి పరీక్షల్లో సగటు మనిషికి చాలా పైన ఉన్నాడు. ఉద్యోగాలు మాత్రం ఒకటి తరవాత ఒకటి పోయాయి, వ్యాపారం దివాలా తీసింది. ఏ హోటలుకు పోవాలో తేల్చుకోడానికే గంటలు పట్టేది.

లండన్‌లో టిమ్ షాలిస్, పాల్ బర్జెస్ 1991లో ఇంకో అడుగు ముందుకేశారు. మెదడు ముందుభాగం దెబ్బతిన్న ముగ్గురిని నిజం బజారుకే పంపారు. ఫలానా ఫలానా కొనాలి, ఫలానా సమాచారం కనుక్కోవాలి, పావుగంటకు ఒక చోట ఉండాలి, కొనే పని లేకుండా ఏ దుకాణంలోకీ పోకూడదు. కాగితం మీది పరీక్షల్లో బాగా చేసినవాళ్లు బజారులో తడబడ్డారు. కొన్ని పనులు వదిలేశారు, నియమాలు తప్పారు. గదిలో డాక్టరు 'ఇప్పుడు ఇది చేయి, ఇప్పుడు అది చేయి' అంటాడు. అంటే రోగి మెదడు ముందుభాగం చేయాల్సిన పని డాక్టరు చేసిపెడుతున్నాడు. బజారులో ఆ డాక్టరు ఉండడు. ఈ పరీక్షను మంచిర్యాల ఐబీ చౌరస్తా దగ్గర నయాపైస ఖర్చు లేకుండా పెట్టవచ్చు. నాలుగు వస్తువులు, ఒక కరెంటు బిల్లు, మధ్యలో ఒక ఫోను. వెనకాల పది అడుగుల దూరంలో ఇంటివాళ్లు ఒకరు నడిస్తే చాలు, పేజీల కొద్దీ రిపోర్టులు చెప్పలేనిది తెలుస్తుంది.

పోయినవాటి గురించే మాట్లాడితే కథ సగమే అవుతుంది. మిగిలినవి ఏవి?

తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టే బీడీ పనిని చూడండి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇరవై ముప్పై ఏళ్లు ఆ పని చేసిన ఆడవాళ్ల వేళ్లకు ఆ వరుస ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. చేతి పనుల జ్ఞాపకాన్ని దాచే మెదడు భాగాలు వేరు, నిన్న ఏం జరిగిందో దాచే భాగాలు వేరు. అందుకే తలకు దెబ్బ తగిలాక, చెయ్యి పడిపోనంతవరకు, అలాంటి మనిషి బీడీ చుట్టగలిగినా, కట్టలు లెక్కపెట్టడంలో తప్పవచ్చు. కార్ఖానాలో బీడీలు అప్పగించి పుస్తకంలో రాయించుకునే దగ్గర మోసపోవచ్చు. ఆమెకు చుట్టే పని నేర్పడం అనవసరం. లెక్క దగ్గర కూతురో కోడలో పక్కన ఉంటే ఆ ఇంటి సంపాదన ఆగదు.

కొత్త పని కూడా నేర్పవచ్చు. ఎలిజబెత్ గ్లిస్కీ, డేనియల్ షాక్టర్ 1987లో ప్రచురించిన ఒక కేసులో, మెదడువాపు వల్ల జ్ఞాపకశక్తి తీవ్రంగా పోయిన మహిళకు కంప్యూటర్లో వివరాలు ఎక్కించే ఉద్యోగం నేర్పారు. మొదట పూర్తి సాయం చేసి, ప్రతి దశలోనూ సూచనలో ఒక్కో అక్షరం తగ్గిస్తూ పోయారు. వందల కొద్దీ చిన్న చిన్న మెట్లు నేర్చుకుని ఆమె ఆ ఉద్యోగం చేసింది. ఇలాంటి వారికి నేర్పడంలో బాగా పనికొచ్చే సూత్రాన్ని అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ 1994లో చూపించారు: తప్పు చేయనివ్వకుండా నేర్పాలి. మామూలు మనిషి తప్పు చేసి, 'అరే, అది కాదు' అని గుర్తుపెట్టుకుని దిద్దుకుంటాడు. జ్ఞాపకం పోయిన మనిషికి తప్పు చేశానన్న సంగతే గుర్తుండదు, చేతికి ఆ తప్పే అలవాటవుతుంది. 'చేస్తూ చేస్తూ వాడే నేర్చుకుంటాడు' అనే మన పద్ధతి ఇక్కడ తిరగబడుతుంది. నా ఉద్దేశంలో ఇది ప్రతి సూపర్‌వైజరుకూ తెలియాల్సిన విషయం.

మెదడు చరిత్రలో అందరూ చెప్పుకునే గాయం ఇక్కడ చెప్పక తప్పదు. కానీ మామూలుగా వదిలేసే భాగమే నాకు ముఖ్యం. ఫినియస్ గేజ్ రైలుమార్గం పనిలో మేస్త్రీ. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 1848 సెప్టెంబర్ 13న బండలో రంధ్రానికి మందు కూరుతున్నాడు. మన బాయిల్లో షాట్‌ఫైరర్ చేసే పనే. బొగ్గు గనుల్లో మందు కూరడానికి చెక్క కర్రే వాడాలన్న నిబంధన ఎందుకుందో గేజ్ చేతిలోని ఇనుప కడ్డీ చెబుతుంది. నిప్పురవ్వ లేచి, మందు పేలి, మూడున్నర అడుగుల పైన పొడవు, ఆరు కిలోల బరువున్న ఆ కడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తి మీదుగా బయటికి పోయింది. బతికాడు. అంతకుముందు అతనంత సమర్థుడైన మేస్త్రీ లేడన్న కాంట్రాక్టర్లు మళ్లీ ఆ పని ఇవ్వలేదు. నోటికి హద్దు లేదు, ఒక నిర్ణయం మీద నిలవడు అని డాక్టర్ జాన్ హార్లో రాశాడు. పుస్తకాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

గేజ్ ఆగలేదు. 1852లో దక్షిణ అమెరికాలోని చిలీకి పోయి దాదాపు ఏడేళ్లు గుర్రపు బగ్గీ తోలాడు. మాల్కం మెక్‌మిలన్ అనే చరిత్రకారుడు ఆ ఏళ్లను వెతికి తీశాడు. తెల్లవారుజామున లేవాలి, గుర్రాలకు మేత వేసి సిద్ధం చేయాలి, చెప్పిన వేళకు ప్రయాణికుల దగ్గర ఉండాలి, సామాను ఎక్కించాలి, కిరాయి తీసుకోవాలి, అదే దారిలో తోలాలి. ప్రతిరోజూ అదే వరుస. దెబ్బతిన్న మెదడు తనంతట తాను వేయలేని ప్రణాళికను ఆ ఉద్యోగమే బయటినుంచి వేసిపెట్టింది. ఆ క్రమంలోనే అతని మనిషితనం చాలావరకు తిరిగొచ్చిందని మెక్‌మిలన్ వాదన. మేస్త్రీ పనికి అన్‌ఫిట్ అయిన మనిషి బగ్గీ పనికి ఫిట్. అయితే చివర్లో మూర్ఛలు వచ్చి 1860లో చనిపోయాడు. తలగాయం తరవాత ఏళ్లకు కూడా ఫిట్స్ రావచ్చు. ఆ ప్రమాదం ఉన్నంతకాలం డంపర్ తోలడం, ఎత్తుల మీద పని, బాయి లోపల ఒంటరి పని వద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఎవరు ఎక్కువ కోలుకుంటారు? గాయం తీవ్రత, వయసు, పాత ఉద్యోగం, ఇంటి అండ అన్నీ లెక్కలోకి వస్తాయి. హైదరాబాద్ నిమ్స్ నుంచి వచ్చిన ఒక ఫలితం మన ప్రాంతానికి ప్రత్యేకంగా పనికొస్తుంది. డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్, వాళ్ల సహచరులు పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించారు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే నిలిచింది. ఒక్క భాషవారిలో అది 19.6 శాతమే. రోజంతా ఒక భాషను ఆపి ఇంకోదాన్ని ఎత్తుకునే అలవాటు మెదడుకు నిల్వ బలం ఇస్తుందని వాళ్ల ఆలోచన. ఇది రక్తనాళం మూసుకుపోయినవారి లెక్క, తలకు దెబ్బ తగిలినవారిది కాదు. అయినా తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి ఒకే టీ కొట్టు దగ్గర వినిపించే బొగ్గు పట్టణాల్లో ఆ నిల్వ చాలామంది దగ్గర ఉండవచ్చు. బడి మొహం చూడనివారి దగ్గర కూడా.

తల లోపలి గాయం తరవాత ఎంతమంది పనికి తిరిగొస్తారన్న దానిపై 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రపంచ అధ్యయనాలన్నీ కూర్చి చూశారు. ఏడాది రెండేళ్లలో దాదాపు 40 శాతం. మిగతా 60 శాతాన్ని మెదడు ఒక్కటే ఆపలేదు. పాత పనిలో మార్పు చేయకపోవడం, ఒక్కసారిగా పూర్తి డ్యూటీలో వేయడం, మొదటి తప్పుకే పంపేయడం కూడా ఆపుతాయి. అమెరికాలోని వర్జీనియాలో పాల్ వేమన్ బృందం 1980లలో దీన్ని తిరగేసి చూసింది. ముందు బాగుపడి తరవాత పనికి రావడం కాకుండా, ముందు పనిలో పెట్టి పక్కన ఒక శిక్షకుణ్ణి నిలబెట్టారు. మనిషి నిలదొక్కుకున్న కొద్దీ ఆ శిక్షకుడు తప్పుకున్నాడు.

చట్టం కొంత దూరం తోడొస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పని ఇవ్వాలి. ఆ పనీ లేకపోతే దొరికేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. ప్రభుత్వ కంపెనీలూ దీని కిందికి వస్తాయి. అయితే ఆ చట్టం పేర్కొన్న 21 వైకల్యాల జాబితాలో తలగాయం అన్న పేరు లేదు. మాట, కదలిక, మానసిక స్థితి, ఏదో ఒక గడిలోంచి దూరి రావాలి. మందకొడి ఆలోచనకు, అలసటకు ఆ గడి దొరకడం కష్టం. ఇది సరిచేయాల్సిన లోపమని నేను గట్టిగా నమ్ముతాను. కోర్టుల వైపు నుంచి మాత్రం ఆశ కలిగించే తీర్పులున్నాయి. వర్ణాంధత్వం ఉందని తేలి ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, వేరే పని వెతికే బాధ్యత సంస్థదేనని చెప్పి తిరిగి తీసుకోమంది. అంతకుముందు 2010లో, రోడ్డు ప్రమాద పరిహారం మీద వచ్చిన రాజ్‌కుమార్ కేసులో ఇంకో సంగతి తేల్చింది. ఎడమ చెయ్యి పోతే వడ్రంగికో డ్రైవరుకో సంపాదన దాదాపు మొత్తం పోతుంది, గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు. అందువల్ల శరీరంలో ఎంత శాతం పోయిందన్నది వేరు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది వేరు. చెయ్యి గురించి కోర్టు చెప్పిన ఈ మాటను తల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. బైక్ ప్రమాదంలో పరిహారం అడిగే కుటుంబాలు ఎముకల డాక్టరు సర్టిఫికెట్‌తో ఆగిపోకుండా నాడీ మనస్తత్వ పరీక్ష కూడా చేయించాలి. నిమ్‌హాన్స్ భారతీయుల కోసమే ఒక పరీక్షల మాలను 2004లో తెచ్చింది. మతి, శ్రద్ధ చూసే అడెన్‌బ్రూక్స్ పరీక్షకు తెలుగు రూపం ఉంది.

మన సర్దార్ దగ్గరికి తిరిగి వద్దాం. ఆరు నెలలయింది, ఫిట్స్ రాలేదు. గ్యాస్ చూసే బాధ్యత ఇప్పుడే ఇవ్వకూడదు. కానీ బాయి మీద, ల్యాంప్ రూంలో, క్యాప్ ల్యాంపు ఇచ్చి తీసుకునే పని ఉంది. నంబరు నంబరుకు ఒక గడి. దీపం గడిలో ఉందంటే మనిషి పైన ఉన్నాడు, గడి ఖాళీగా ఉందంటే మనిషి కింద ఉన్నాడు. గుర్తుపెట్టుకోవాల్సిన భారాన్ని గోడే మోస్తుంది. అయినా షిఫ్టు మారే అరగంటలో వందమంది ఒకేసారి కిటికీ దగ్గరికి వస్తారు, అందరూ తొందరలోనే ఉంటారు. కాబట్టి మొదటి నెల ఆ అరగంటకు ఇంకొకరు తోడుండాలి. మొదటి షిఫ్టే వేయాలి, రాత్రి డ్యూటీ వద్దు, దెబ్బతిన్న మెదడు కోలుకోడానికి నిద్ర కావాలి. మొదట నాలుగు గంటలు, పదిహేను రోజులకోసారి గంట పెంచుకుంటూ పోవాలి. మధ్యలో పావుగంట చప్పుడు లేని చోట కూర్చోనివ్వాలి. చెప్పే మాట ఏదైనా ఒకటే చెప్పి, కాగితం మీద రాసివ్వాలి. జేబులో ఫోను గంటకోసారి మోగాలి. బార్బరా విల్సన్ బృందం 2001లో 143 మంది మీద ఇలా పనిని గుర్తుచేసే పేజర్లతో ప్రయోగం చేస్తే, అనుకున్న పని అనుకున్న వేళకు చేయడం చాలామందిలో స్పష్టంగా మెరుగుపడింది. ఇవాళ పేజర్ అక్కర్లేదు, ఆ మోత ప్రతి కార్మికుడి ఫోనులోనూ ఉంది. సెట్ చేసి ఇచ్చే మనిషి కావాలి. మూడు నెలలకోసారి అతన్ని చూసి ఏం మారిందో రాసే ఓవర్‌మన్ లాంటి పైఅధికారి ఒకరు కావాలి. మెడికల్ బోర్డు ముందు ఫైలు తెరిచే రోజున స్కానింగ్ ఫిల్ముతో పాటు ఆ కాగితం కూడా ఉండాలి.